‘ఓకే’ అని వచ్చినంత మాత్రాన పాస్ అయినట్టు కాదు

సంక్రాంతికి ఊరికి పోతూ నంద్యాల ఆర్టీసీ బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక ఫైనలియర్ కుర్రాడు పలకరించాడు. బ్లాగులో నా ఫొటో చూసి గుర్తుపట్టాడట. వాడిదీ మా పక్క ఊరే. బస్సెక్కి పక్కపక్కనే కూర్చున్నాం. మాట సహజంగానే ఉద్యోగాల మీదికి పోయింది. ‘టెస్టింగ్‌లో ఆఫర్ వచ్చిందన్నా. మా నాయనకు చెప్తే, పని చేసేదా, ఒకరు చేసిన పనిని చూసేదా అంటాడు. చేరిపోవాల్నా, డెవలప్‌మెంట్ కోసం ఆగాల్నా? టెస్టింగ్‌లో యాడ పెరుగుతామన్నా?’ అని అడిగాడు.

ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా వస్తుంది. అడిగే తీరులోనే జవాబు కూడా ఉంటుంది: టెస్టింగ్ అంటే తక్కువ పని, కోడింగ్ రానివాళ్లకు ఇచ్చేది అని. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే ఈ మాట సీనియర్ల నోటి నుంచి జూనియర్లకు అట్లాగే దిగుతుంది. దీన్ని ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికి, ఈ రోజుల్లో సిస్టమ్స్ రంగంలో చాలా కష్టమైన టెస్టింగ్ పని ఒకటి తీసుకుంటాను. లైనక్స్ కెర్నల్‌లో ఎన్‌క్రిప్టెడ్ వర్చువల్ మెషీన్లకు ఉన్న సపోర్ట్‌ను పరీక్షించడం. నేను తలవంపులు పడింది కూడా దీని దగ్గరే కాబట్టి, ఆ ముచ్చట కూడా వస్తుంది.

ముందు విషయం ఏందో చూద్దాం. క్లౌడ్‌లో మీరు వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకుంటే, అది ఎవరిదో సర్వర్ మీద నడుస్తుంది. ఆ సర్వర్‌ను నడిపే హోస్ట్ కెర్నల్‌కు, అందులోని హైపర్‌వైజర్‌కు మీ మెషీన్ మెమరీ మొత్తం తెరిచిన పుస్తకమే. హాస్టల్ గదికి మీరు ఎంత మంచి తాళం వేసినా, వార్డెన్ దగ్గర ఇంకో తాళంచెవి ఉన్నట్టు. వార్డెన్ మంచివాడే కావచ్చు. కానీ ఆ తాళంచెవి దొంగ చేతికి చిక్కితే? బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, ఆధార్ వివరాలు అన్నీ అట్లాంటి గదుల్లోకే పోతున్న కాలం ఇది. మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది.

దీనికి చిప్ కంపెనీలు చూపిన దారి, మెమరీనే ఎన్‌క్రిప్ట్ చేయడం. ఏఎండీ వాళ్ల ఎస్‌ఈవీ 2017లో వచ్చిన మొదటి తరం ఎపిక్ సర్వర్ ప్రాసెసర్లలో ఉంది. మెమరీ కంట్రోలర్‌లోనే ఏఈఎస్ ఇంజన్ ఉంటుంది. ఒక్కో వర్చువల్ మెషీన్‌కు ఒక్కో కీ. ఆ కీలు హోస్ట్ కెర్నల్ చేతిలో ఉండవు, చిప్‌లోనే విడిగా ఉన్న ఒక చిన్న సెక్యూర్ ప్రాసెసర్ దగ్గర ఉంటాయి. హోస్ట్ తొంగిచూస్తే కనిపించేది చెత్త అక్షరాలే. తర్వాత ఎస్‌ఈవీ-ఈఎస్ వచ్చింది. మెమరీతో పాటు సీపీయూ రిజిస్టర్లను కూడా దాచిపెడుతుంది. ఆ పైన ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ. ఇందులో హోస్ట్ చదవలేకపోవడమే కాదు, గెస్ట్ పేజీని మార్చలేదు, పాత పేజీని తెచ్చి కొత్తదాని స్థానంలో పెట్టనూలేదు. ఇంటెల్‌కు టీడీఎక్స్ ఉంది, ఆర్మ్‌కు సీసీఏ ఉంది. పేర్లు వేరు, ఆలోచన ఒకటే: ఇల్లు ఇచ్చినవాణ్ని కూడా నమ్మనక్కర్లేకుండా అద్దెకు ఉండటం.

వినడానికి సులువే. కెర్నల్‌కు మాత్రం ఇది పెద్ద తలనొప్పి. లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం 2007లో కెర్నల్‌లో చేరినప్పటి నుంచి ఒక నమ్మకం మీద నడుస్తూ వచ్చింది: హోస్ట్‌కు గెస్ట్ మెమరీ ఎప్పుడు కావాలంటే అప్పుడు కనిపిస్తుంది అని. గెస్ట్ ఏదైనా ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగితే, హోస్ట్ అది చదివి దాని బదులు పని చేసిపెట్టేది. మెమరీ చాలకపోతే పేజీని డిస్క్‌కు పంపేది. మెషీన్‌ను ఇంకో సర్వర్‌కు మార్చాలంటే మెమరీ మొత్తం కాపీ చేసేది. ఎన్‌క్రిప్షన్ రాగానే ఈ మూడూ పాత పద్ధతిలో చెల్లకుండా పోయాయి. అందుకే ఏళ్లు పట్టింది. హోస్ట్ వైపు ఎస్‌ఈవీ సపోర్ట్ 2018లో 4.16 కెర్నల్‌తో వచ్చింది. ఈఎస్ 2021లో 5.11తో. ఎస్‌ఎన్‌పీ గెస్ట్ వైపు 2022లో 5.19తో వస్తే, హోస్ట్ వైపు పూర్తి సపోర్ట్ 2024 సెప్టెంబర్‌లో 6.11 వచ్చేదాకా కుదరలేదు. ఇంటెల్ టీడీఎక్స్ హోస్ట్ వైపు కేవీఎంలో చేరింది 2025లో, 6.16తో. చిప్ మార్కెట్లోకి వచ్చాక కూడా కెర్నల్‌కు ఇన్నేళ్లు పట్టిందంటే, మధ్యలో ఎంత రాయడం, ఎంత సరిచూడటం జరిగి ఉంటుందో ఆలోచించండి.

ఇక టెస్టింగ్ సంగతి. మా ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధుల గుండా బడికి పోయేవాణ్ని. రాయి కొనేముందు పెద్దాయన సుత్తితో తట్టి చెవి పెట్టి వినేవాడు. లోపల పగులు ఉంటే శబ్దం బొంగురుగా వస్తుందట. రాయిని పగలగొట్టి చూడలేవు కదా, చూస్తే ఇక విగ్రహం ఏముంది! ఎన్‌క్రిప్టెడ్ మెషీన్‌ను పరీక్షించేవాడి పరిస్థితీ అంతే. లోపలికి చూడకూడదు. చూడగలిగితే అదే ఫెయిల్. బయట నుంచి తట్టి, లోపల అంతా సరిగ్గా ఉందని తేల్చాలి.

కెర్నల్ సోర్స్‌లోనే టూల్స్ అనే ఫోల్డర్ కింద టెస్టింగ్, దాని కింద సెల్ఫ్‌టెస్ట్స్, దాని కింద కేవీఎం అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో టెస్టూ ఒక చిన్న సీ ప్రోగ్రామ్. అది ఒక బుల్లి వర్చువల్ మెషీన్‌ను తయారుచేసి, అందులో కొన్ని లైన్ల గెస్ట్ కోడ్ నడిపి, ఫలితం చూసి చెప్తుంది. మామూలు టెస్టులో గెస్ట్ తన మాటను మెమరీలో ఒకచోట రాసి హోస్ట్‌కు సైగ చేస్తుంది. హోస్ట్ పోయి అది చదువుకుంటుంది. ఎన్‌క్రిప్టెడ్ గెస్ట్‌తో ఈ మాటామంతీ కుదరదు. గెస్ట్ రాసింది హోస్ట్‌కు అర్థంకాని రాత. అందుకని ఆ ఉత్తరాలు పెట్టే పేజీలను మాత్రం ఎన్‌క్రిప్ట్ చేయకుండా, ఇద్దరికీ కనిపించేలా వదలాలి. పేజీ టేబుల్ ఎంట్రీలో సీ-బిట్ అని ఒక బిట్ ఉంటుంది. అది 1 అయితే పేజీ ప్రైవేట్, 0 అయితే ఉమ్మడి. కాలేజీలో పేజీ టేబుల్ బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నవాళ్లకు, ఆ బొమ్మలోని ఒక్క బిట్ మీద ఇంత ఆధారపడి ఉంటుందని ఎవరూ చెప్పరు.

2024లో చేరిన ఎస్‌ఈవీ స్మోక్ టెస్ట్ చూడండి. చదవడం మొదలుపెట్టేవాళ్లకు దీనికంటే మంచిది నాకు కనిపించలేదు. గెస్ట్ లోపల లేవగానే ప్రాసెసర్‌లోని ఒక స్టేటస్ రిజిస్టర్ చదివి, ఎన్‌క్రిప్షన్ నిజంగా ఆన్ అయిందా అని తనే చూసుకుంటుంది. ఆన్ కాకపోతే అక్కడే కేక పెడుతుంది. అయితే ‘పని అయింది’ అని హోస్ట్‌కు చెప్పి ముగిస్తుంది. ఈఎస్ విషయంలో ఆ ‘పని అయింది’ అని చెప్పడం కూడా సమస్యే, ఎందుకంటే రిజిస్టర్లు కూడా కనబడవు. అక్కడ ఒక ఉపాయం చేశారు. గెస్ట్ ఒక ప్రత్యేక రిజిస్టర్‌లో ‘నన్ను ఆపేయండి’ అనే కోడ్ రాసి బయటికి వస్తుంది. ఆ కోడ్ హోస్ట్‌కు అందిందా, గెస్ట్ తనంతట తాను కోరి ఆగిందా అనేదే పరీక్ష. చచ్చిపోవడం ద్వారా బతికున్నానని చెప్పడం లాంటిది. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఆ కోడ్ నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

అట్లాగే సక్రమంగా నడవడమే కాదు, అక్రమంగా పిలిస్తే తిరస్కరించడం కూడా పరీక్షే. తెలియని ఫ్లాగ్ ఇచ్చి ఎస్‌ఈవీ మొదలుపెట్టమంటే కెర్నల్ ‘చెల్లదు’ అని తిప్పికొట్టాలి. మౌనంగా ఒప్పుకుంటే అది బగ్. దీనికి కూడా విడిగా టెస్టులు రాశారు. ఇలాంటివి రాయాలంటే ‘వాడు సరిగ్గానే పిలుస్తాడులే’ అనే మంచితనం పనికిరాదు.

ఇప్పుడు నా భాగోతం. 2024 చివర్లో నేను సపోర్ట్ ఉద్యోగం నుంచి సిస్టమ్స్ వైపు మారాలని తిరుగుతున్నాను. ఒక రాత్రి నా ల్యాప్‌టాప్‌లో కొత్త కెర్నల్ బిల్డ్ చేసి కేవీఎం సెల్ఫ్‌టెస్టులన్నీ వరుసగా నడిపించాను. స్క్రీన్ మీద ఓకే, ఓకే అని లైన్లు పడుతూ పోయాయి. ఎస్‌ఈవీ టెస్టుల దగ్గర కూడా లైన్ ‘ఓకే’ అనే మొదలైంది. నాకెంత సంతోషం! రెజ్యూమెలో ‘కేవీఎం ఎస్‌ఈవీ సెల్ఫ్‌టెస్టులు నడిపి సరిచూశాను’ అని ఒక లైన్ చేర్చాను. ఆ లైన్ చూసే ఒక చోట ఇంటర్వ్యూకు పిలిచారు.

మూడో ప్రశ్నే అది. ‘ఏ ప్రాసెసర్ మీద నడిపారు?’ ‘ఇంటెల్ ఐ5’ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘మరి ఏఎండీ ఎస్‌ఈవీ దాని మీద ఎట్లా నడిచింది?’ అన్నారు. నా దగ్గర మాట లేదు. ఆ రాత్రి లాగ్ మళ్లీ తెరిచి చూస్తే, ‘ఓకే’తో మొదలైన ఆ లైన్ చివర్లో హ్యాష్ గుర్తు పక్కన ‘స్కిప్’ అని ఉంది. దాని పైన కారణం కూడా ఉంది: ఈ ప్రాసెసర్‌కు ఆ సౌకర్యం లేదు అని. కెర్నల్ అబద్ధం చెప్పలేదు. నేనే లైన్ చివరిదాకా చదవలేదు. ఆయన కోప్పడలేదు, మిగతా ఇరవై నిమిషాలూ మర్యాదగానే మాట్లాడారు. మళ్లీ పిలుపు రాలేదు. ఇంట్లో మాత్రం ‘ఆ పోస్టు ఎవరికో ముందే ఇచ్చినారంట’ అని చెప్పాను. మా జేజి ఇప్పటికీ ఆ కంపెనీని తిడుతుంది.

కెర్నల్ సెల్ఫ్‌టెస్టులకు ఒక పద్ధతి ఉంది. టెస్ట్ ప్రోగ్రామ్ 0 తిరిగిస్తే పాస్, 1 అయితే ఫెయిల్, 4 అయితే స్కిప్. అయితే అన్నిటినీ వరుసగా నడిపే స్క్రిప్ట్, స్కిప్‌ను వైఫల్యం కింద లెక్కవేయదు కాబట్టి ఆ లైన్‌ను ‘ఓకే’ అనే మొదలుపెడుతుంది. వేల రకాల మెషీన్ల మీద నడిచే టెస్టులకు ఇది న్యాయమే. లేని సౌకర్యానికి ఫెయిల్ అనలేరు కదా. ఇంకో సూక్ష్మం కూడా ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. స్మోక్ టెస్ట్ మొదట ఎస్‌ఈవీని పరీక్షిస్తుంది. తర్వాత ప్రాసెసర్‌కు ఈఎస్ ఉంటే దాన్ని, ఎస్‌ఎన్‌పీ ఉంటే దాన్ని. లేకపోతే ఆ భాగాలను ఊరికే దాటేస్తుంది. అంటే పాత ఎపిక్ మీద నిజంగా పాస్ వచ్చినా, ఎస్‌ఎన్‌పీ సంగతి అది చెప్పినట్టు కాదు. రిపోర్ట్‌లో ప్రాసెసర్ పేరు, కెర్నల్ వెర్షన్, ఏయే భాగాలు నడిచాయి అనేవి లేకపోతే ‘పాస్’ అనే మాటకు విలువ లేదు. ఈ మూడు రాయడానికి కోడింగ్ పాండిత్యం అక్కర్లేదు, కానీ నేను చూసిన రెజ్యూమెల్లో ఇవి ఉన్నది అరుదు.

టెస్టులన్నీ పాస్ అయితే మెషీన్ భద్రమేనా? కాదు. 2024 డిసెంబర్‌లో బెల్జియం, జర్మనీ, బ్రిటన్ యూనివర్సిటీల పరిశోధకులు బ్యాడ్‌ర్యామ్ అనే దాడి బయటపెట్టారు. ర్యామ్ కడ్డీ మీద దాని సైజు చెప్పే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. సుమారు 10 డాలర్ల సామానుతో దాన్ని అబద్ధం చెప్పేలా మార్చి, ఎస్‌ఎన్‌పీ రక్షణను దాటారు. తర్వాత ఏఎండీ ఫర్మ్‌వేర్‌తో సరిచేసింది. ఆ దాడి జరిగిన రోజున కూడా కెర్నల్ టెస్టులు ‘ఓకే’ అనే చెప్పి ఉండేవి, ఎందుకంటే వాటిని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఏ ప్రశ్న అడగాలో ఆలోచించడం ఎవరి పని? టెస్టర్ పనే. పని చేసేదా, చూసేదా అని ఆ కుర్రాడి నాయన అడిగినదానికి నా జవాబు కూడా ఇదే.

‘అన్నా, ఆ ఎపిక్ సర్వర్లు నంద్యాలలో యాడుంటాయి?’ అని మీరు అడగచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎస్‌ఈవీ ఉద్దేశించింది సర్వర్ చిప్‌ల కోసం, మన ల్యాప్‌టాప్‌ల కోసం కాదు. అయినా పని చాలా ఉంది. బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసుకుంటే మామూలు ల్యాప్‌టాప్‌లో మిగతా కేవీఎం సెల్ఫ్‌టెస్టులు బోలెడు నడుస్తాయి. ఒక నెల వాటి మీద కూర్చోండి. ఒక టెస్ట్ తీసుకుని, అందులో ఒక విలువను కావాలనే తప్పుగా మార్చి, అది పట్టుకుంటుందో లేదో చూడండి. ఎప్పుడూ పట్టుకోని టెస్ట్ ఉన్నా లేనట్టే. ఆ తర్వాత ఎస్‌ఈవీ కోడ్ చదివితే కొత్త భాషలా అనిపించదు.

గెస్ట్ వైపు చూడాలంటే క్లౌడ్‌లో కాన్ఫిడెన్షియల్ వీఎంను కొన్ని గంటలకు అద్దెకు తీసుకోవచ్చు. గూగుల్ క్లౌడ్, అజూర్, ఏడబ్ల్యూఎస్ మూడింటిలోనూ ఏఎండీ రకం దొరుకుతుంది, కానీ అన్ని రీజియన్లలోనూ కాదు. కెర్నల్ బూట్ సందేశాల్లో మెమరీ ఎన్‌క్రిప్షన్ ఫీచర్లు ఏవి ఆన్ అయ్యాయో ఒక లైన్ కనిపిస్తుంది. డిస్క్, నెట్‌వర్క్ పరికరాలు ఎన్‌క్రిప్టెడ్ మెమరీని ముట్టలేవు కాబట్టి, డేటాను ఉమ్మడి బఫర్‌లోకి కాపీ చేసి పంపాలి. లైనక్స్ గెస్ట్ దానికోసం తన మెమరీలో సుమారు 6 శాతం, గరిష్ఠంగా 1 జీబీ పక్కన పెడుతుంది. అదే సైజు మామూలు వీఎం ఒకటి తీసుకుని, రెండింటిలో డిస్క్ వేగం కొలిచి పోల్చండి. చిన్న పనే, కానీ అంకెలన్నీ మీవే. పని అవగానే మెషీన్‌ను డిలీట్ చేయడం మరవద్దు. ఆపి వదిలేస్తే డిస్క్‌కు బిల్లు పడుతూనే ఉంటుంది. నాన్న కార్డు ఇచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త.

కాలేజీలకు కూడా ఒక మాట. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో నేను చదివినప్పుడు బ్యాంకర్స్ అల్గారిథమ్, పేజ్ రీప్లేస్‌మెంట్ సీ ప్రోగ్రాములుగా రాసి రికార్డు నింపాం. మా తర్వాతివాళ్లూ మా రికార్డు చూసే నింపారు. నిజమైన కెర్నల్‌ను ఒక్కసారి కూడా బిల్డ్ చేయకుండా పట్టా చేతికి వచ్చింది. తప్పు అధ్యాపకులది అనను, సిలబస్‌లో లేనిదానికి వాళ్లకు పీరియడ్లు ఎక్కడివి? కానీ రెండు వారాల ల్యాబ్ చాలు: కెర్నల్ బిల్డ్ చేసి, సెల్ఫ్‌టెస్టులు నడిపి, పాస్, ఫెయిల్, స్కిప్ వేరువేరుగా రిపోర్ట్ రాయించడం. అనంతపురం జేఎన్‌టీయూ కింద ఇన్ని కాలేజీలున్నాయి. అందరికీ కలిపి దూరం నుంచి లాగిన్ అయ్యేలా ఒక్క ఎపిక్ సర్వర్ పెట్టినా నంద్యాలలో కూర్చుని హోస్ట్ వైపు పరీక్షలు చేసుకోవచ్చు. కొత్తదే కావాలని లేదు. ఎస్‌ఎన్‌పీకి 2021 నాటి మూడో తరం కావాలి గానీ, ఎస్‌ఈవీ నేర్చుకోవడానికి పాతది చాలు.

ఉద్యోగాల లెక్క కూడా దాచకుండా చెప్తాను. ఈ పనే చేసే పోస్టులు తక్కువ. ఫ్రెషర్‌గా నేరుగా దొరకడం ఇంకా తక్కువ. కానీ చిప్, క్లౌడ్ కంపెనీలు మనకు దూరంగా లేవు. ఏఎండీకి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ అక్కడ 1998 నుంచీ ఉంది. ఏడబ్ల్యూఎస్ 2022లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్ కట్టినంత మాత్రాన మనకు ఉద్యోగం రాదు. కట్టడం పనులు ఇచ్చేది కొన్నాళ్లే. ఆ మెషీన్ల లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను అర్థం చేసుకున్నవాళ్లకు మాత్రం ఎక్కడున్నా పని ఉంటుంది. అనుభవం కోసం లైనక్స్ ఫౌండేషన్ మెంటర్‌షిప్ ప్రోగ్రాముల్లో కెర్నల్ బగ్ ఫిక్సింగ్ కూడా ఉంది. సెల్ఫ్‌టెస్టుల విభాగాన్ని చూసుకునే షువా ఖాన్ దాని వెనక ఉన్నారు. ఎంపిక కష్టమే, కానీ అప్లై చేయడానికి కాలేజీ పేరు అడ్డం కాదు.

బస్సు ఆళ్లగడ్డ చేరేసరికి ఆ కుర్రాడికి ఇందులో సగమే చెప్పగలిగాను. ‘చేరిపో, కానీ సాయంత్రాలు మాత్రం వాళ్లకు అమ్ముకోవద్దు’ అన్నాను. ఉద్యోగంలో చేరేలోపు కెర్నల్ బిల్డ్ చేసి చూస్తానన్నాడు. పోయిన వారం రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, బిల్డ్ అయింది. టెస్టులన్నీ ఓకే అని వచ్చినాయి, కానీ ప్రతిదాని పక్కన స్కిప్ అని ఉంది. కేవీఎం డివైస్ లేదంటాంది. ఏం చేయాల?’

బయాస్‌లోకి పోయి వర్చువలైజేషన్ ఆన్ చెయ్యబ్బీ, తర్వాత మళ్లీ నడుపు అని రాశాను.